శంకర్‌పల్లి స్టేషన్లో సిమ్లా వారంటు

నేను పనిచేసే ఆఫీసు డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో, గ్రాండ్ కెనాల్ డాక్ పక్కనుంది. ఒకప్పుడు బొగ్గూ, ధాన్యం బస్తాలూ దిగిన చోటు. ఇప్పుడు మెడలో కార్డులు తగిలించుకుని మాలాంటి వాళ్ళం దిగుతున్నాం. నా కుర్చీ పక్క కిటికీలోంచి చూస్తే రైలు కట్ట కనిపిస్తుంది. ఐర్లండులో మొట్టమొదటి రైలు 1834 డిసెంబరులో నడిచింది ఈ దారిమీదే, వెస్ట్‌లాండ్ రో నుంచి కింగ్స్‌టౌన్ దాకా. ఆ కింగ్స్‌టౌన్‌నే ఇప్పుడు డన్ లీరీ అంటున్నారు. రైలు చప్పుడు వినపడితే చాలు, నాకు పని మీద ధ్యాస తప్పుతుంది. రైల్వే క్వార్టర్లో పెరిగినవాణ్ణి మరి.

2018 మొదట్లో మా ఆఫీసంతా ఒకటే హడావుడి. ఆ ఏడు మే 25 నుంచి ఐరోపాలో కొత్త సమాచార రక్షణ చట్టం అమల్లోకి రాబోతోంది. ప్రోగ్రాములు రాసుకునే మమ్మల్నందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి ఓ ఐరిష్ లాయరమ్మ పాఠం చెప్పింది. "సామాను ఇంటికి చేర్చడానికని ఒక మనిషి దగ్గర ఫోన్ నంబరు తీసుకున్నారనుకోండి. దాన్ని సామాను చేర్చడానికే వాడాలి. అదే నంబరుకి ఫోన్ చేసి ఇన్సూరెన్సు అమ్మకూడదు. ఏ పనికి తీసుకున్నారో ఆ పనికే!" అంది. ఆ ముక్క అర్థం చేసుకోవడానికి కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ అక్కర్లేదు. పెళ్ళికని పక్కింటివాళ్ళ గుండిగ తెచ్చుకుని దాన్ని అద్దెకి తిప్పకూడదని మా అమ్మ ఎప్పుడో చెప్పింది.

ఆ తర్వాత ఆవిడ అప్పటికి ఇంకా తేలని ఒక కేసు గురించి చెప్పింది. 2013 డిసెంబరులో న్యూయార్కులో ఒక మేజిస్ట్రేటు వారంటు ఇచ్చాడు. మాదకద్రవ్యాల కేసులో ఒకరి ఈమెయిళ్ళు కావాలి. మైక్రోసాఫ్ట్ కంపెనీ వాటిని దాచింది ఈ డబ్లిన్‌లో ఉన్న డేటా సెంటర్లో. న్యూయార్కు వారంటు డబ్లిన్లో చెల్లుతుందా అన్నది తగువు. కంపెనీ ఇవ్వనంది. కింది కోర్టులో ఓడిపోయి, 2016లో అప్పీలు కోర్టులో గెలిచింది. 2018 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టులో వాదనలు జరిగాయి. మా సార్వభౌమత్వాన్ని మేమేమీ వదులుకోలేదు, కావాలంటే ఒప్పందం ప్రకారం మమ్మల్ని అడగండి అని ఐర్లండు ప్రభుత్వం కూడా అక్కడ తన మాట దాఖలు చేసింది.

ఆ రాత్రి హైదరాబాదులో వకీలుగా ఉన్న మా బావకి ఫోన్ చేసి, ప్రపంచంలో ఎక్కడా లేని కొత్త సమస్య వచ్చిందన్నట్టు ఇదంతా వర్ణించాను. అంతా విని నవ్వాడు. "బావా, నీ డబ్లిన్ కేసు మనకి 1897లోనే అయిపోయింది. అదీ ఎక్కడనుకున్నావు? మీ నాన్న పనిచేసిన శంకర్‌పల్లి స్టేషన్లో!" అన్నాడు.

శంకర్‌పల్లి పేరు లా పుస్తకాల్లో ఉందంటే నేను నమ్మలేదు. ఆ కేసు గురించి చెప్పేముందు, అది నాకెందుకు పట్టుకుందో చెప్పాలి.

మా నాన్న రైల్వేలో చిన్న ఉద్యోగి. సికింద్రాబాదు నుంచి వాడి పోయే లైనులో నాలుగైదు స్టేషన్లు తిరిగాడు. అన్ని చోట్లా మా ఆటస్థలానికి ఒక హద్దుండేది. పట్టాలకి దూరంగా వరసగా పాతిన రాళ్ళు. "గా రాయి దాటితే మనది కాదు బిడ్డా, రైల్వే జాగ" అనేవాడు. ఊళ్ళోవాళ్ళ మేకలు దాటొస్తే బందెలదొడ్డికి తోలేవాళ్ళు.

నాకు పదేళ్ళప్పుడు, ఒక చిన్న స్టేషన్లో, పొద్దున్నే పట్టాలకి కాస్త దూరంలో ఒక మనిషి చనిపోయి కనిపించాడు. రాత్రి బండి తగిలిందన్నారు. సరిగ్గా ఆ హద్దురాయి దగ్గర పడివున్నాడు. రైల్వే పోలీసులొచ్చి ఇది ఊరి ఠాణాదన్నారు. ఊరి పోలీసులొచ్చి ఇది రైల్వేవాళ్ళదన్నారు. టేపు తెచ్చి కొలిచారు. మళ్ళీ కొలిచారు. ఆయన భార్య వేపచెట్టు కింద కూర్చుని వుంది. మధ్యాహ్నం దాటేదాకా శవం మీద గుడ్డ కప్పడం తప్ప ఎవరూ ఏమీ చేయలేదు. నాన్న టీ తీసుకెళ్ళి ఇస్తే ఆమె గ్లాసు పట్టుకుని అలాగే కూర్చుంది కానీ తాగలేదు. హద్దురాయి అంటే నాకు గుర్తొచ్చేది ఆ గ్లాసే.

అందుకే బావ చెప్పిన కేసు వెంటపడ్డాను.

ముందు ఆ లైను సంగతి. బొంబాయి నుంచి మద్రాసు పోయే పెద్ద లైను నిజాం రాజ్యం అంచునుంచి పోయేది. దాన్లో వాడి దగ్గర కలిసేలా సికింద్రాబాదు నుంచి ఒక లైను వేశారు. 1874లో బండ్లు నడిచాయి. దాన్ని తూర్పుకి పొడిగించడానికి లండన్లో ఒక కంపెనీ పెట్టాలనీ, దాని పెట్టుబడి మీద 20 ఏళ్ళపాటు ఏటా 5 శాతం వడ్డీకి నిజాం ఖజానా హామీ ఉండాలనీ 1883లో ఏర్పాటు జరిగింది. 'నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే' అనే పేరులో గ్యారంటీ అంటే అదే. లాభం వస్తే వాటాదారులది, రాకపోతే రైతు కట్టే శిస్తులోంచి. ఈ బేరం కాగితాలు జనానికి చూపించాలని అడిగినవాళ్ళలో సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఒకరు. ఆ గొడవలో 1883 మే నెలలో ఆయన్ని హైదరాబాదు నుంచే వెళ్ళగొట్టారు. రైలు ఎవరిది అని అడగడం ఆ రోజుల్లోనే అంత ప్రమాదం. పొడిగించిన లైను 1889లో బెజవాడ చేరింది.

ఇక అసలు చిక్కు. ఇంగ్లీషువాళ్ళ ఇండియాలో బయల్దేరిన బండి మధ్యలో ఒక సంస్థానం దాటి మళ్ళీ ఇంగ్లీషువాళ్ళ ఇండియాలోకి వస్తుంది. పెట్టెలో దొంగతనం జరిగింది. ఏ పోలీసు పట్టుకోవాలి? ఏ కోర్టు విచారించాలి? బండి గంటకో రాజ్యం దాటుతుంటే దొంగ కోసం ప్రతి హద్దు దగ్గరా రాయబారం నడపలేరు కదా. అందుకని సంస్థానాల గుండా పోయే లైన్ల వెంట సివిలు, క్రిమినల్ అధికారం తమకి వదిలెయ్యమని బ్రిటిషు ప్రభుత్వం రాజుల్ని అడిగేది. అడిగేది అన్నది మర్యాద కోసం వాడే మాట. నిజాం ప్రభుత్వం కూడా 1887 నాటి ఉత్తర ప్రత్యుత్తరాల్లో, మిగతా సంస్థానాల గుండా పోయే లైన్ల మీద ఉన్నట్టే ఇక్కడా ఉండనీ అని ఒప్పుకుంది. దాని మీద గవర్నర్ జనరల్ ప్రభుత్వం నోటిఫికేషను జారీ చేసింది. అంటే మ్యాపులో నిజాం రాజ్యం, మధ్యలో గీత గీసినట్టు పట్టాల వెంట సన్నటి జాగాలో మాత్రం ఇంగ్లీషు చట్టం.

1895లో సిమ్లాలో ఒక మేజిస్ట్రేటు మహమ్మద్ యూసుఫుద్దీన్ అనే ఆయన మీద వారంటు ఇచ్చాడు. ఈయన నిజాం ప్రజ. సిమ్లాలో జరిగిందన్న లంచం వ్యవహారంలో నేరారోపణ. ఆయన్ని శంకర్‌పల్లి రైల్వే స్టేషన్లో పట్టుకున్నారు. ఊళ్ళో పట్టుకుంటే నిజాం ప్రభుత్వాన్ని అడగాలి, కాగితాలు నడవాలి. స్టేషన్లో అయితే మన జాగాయేగా అనుకున్నారు. సిమ్లా ఎక్కడ, శంకర్‌పల్లి ఎక్కడ! మధ్యలో ఎన్ని రాజ్యాలు, ఎన్ని నదులు. హద్దురాయికి ఇవతల నుంచున్నందుకు ఆ దూరమంతా లేకుండా పోయింది.

యూసుఫుద్దీన్ ఊరుకోలేదు. ఈ అరెస్టు చెల్లదని కోర్టుకెక్కాడు. ఇక్కడ గెలవలేదు. లండన్లో ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళాడు. ఆ రోజుల్లో మన కోర్టుల మీద ఆఖరి అప్పీలు అక్కడే.

ప్రభుత్వం వాదన సూటిగా ఉంది. రైల్వే జాగా మీద క్రిమినల్ అధికారం మాకిచ్చేశారు, నోటిఫికేషన్లో మాటలు విశాలంగానే ఉన్నాయి, కాబట్టి అక్కడ ఎవర్నయినా పట్టుకోవచ్చు. 1897లో ప్రీవీ కౌన్సిల్ దీన్ని ఒప్పుకోలేదు. వాళ్ళు చెప్పిన దాన్ని నా మాటల్లో మూడు మెట్లుగా చెబుతాను. ఒకటి, పట్టాలు వేసినంత మాత్రాన ఆ నేల బ్రిటిషు ఇండియా అయిపోలేదు, అది ఇప్పటికీ నిజాం నేలే. రెండు, ఆ నేల మీద మీకేమైనా అధికారం ఉంటే అది నిజాం ఇచ్చిన దాన్నుంచి రావాలి. మీ నోటిఫికేషన్లో మీరెంత రాసుకున్నా ఆయన ఇచ్చినదానికన్నా అది పెద్దది కాదు. మూడు, ఉత్తరాలు తీసి చదివితే ఆయన ఇచ్చింది రైలు నడపడానికి కావలసిన అధికారం. సిమ్లాలో జరిగిందన్న లంచానికీ శంకర్‌పల్లి రైలుకీ సంబంధం లేదు. కాబట్టి అరెస్టు చట్టవిరుద్ధం.

ఆయన లంచం ఇచ్చాడా, తీసుకున్నాడా, అసలేమీ చెయ్యలేదా అన్నది ఆ తీర్పు తేల్చలేదు. అది ఆ కోర్టు ముందున్న ప్రశ్న కాదు. మంచివాడు కాబట్టి వదిలెయ్యమనలేదు. పట్టుకునే హక్కు మీకు లేదు కాబట్టి వదిలెయ్యమంది. ఇది చదివినప్పుడు మా లాయరమ్మ మాటే చెవిలో వినిపించింది. ఏ పనికి తీసుకున్నారో ఆ పనికే. అది ఐరోపావాళ్ళు 2018లో కనిపెట్టిన సూత్రమని నేననుకున్నాను. మా ఊరి రైలు మీద ఒకసారి వచ్చి వెళ్ళిపోయిందని తెలీదు.

అలాగని రైలు మీద పై ప్రభుత్వానికి అధికారం ఉండకూడదని నేననడం లేదు. ఉండకపోతే ఏమవుతుందో ఈ ఐర్లండే చెబుతుంది. 1840లలో ఇక్కడి కంపెనీలు ఒక్కొక్కటీ ఒక్కో వెడల్పుతో పట్టాలు వేసుకున్నాయి. బండి ఒకరి దారిలోంచి ఇంకొకరి దారిలోకి పోలేదు. చివరికి 1846లో లండన్ పార్లమెంటు చట్టం చేసి 5 అడుగుల 3 అంగుళాలని ఖాయం చేసింది. ఇప్పటికీ నా కిటికీ అవతల పట్టాల కొలత అదే.

అమెరికాలో ఉన్న మన వాళ్ళకి ఇది ఇంకా బాగా తెలియాలి. టెక్సస్‌లో రైలు చార్జీలు నిర్ణయించే రాష్ట్ర కమిషను, తన ఊళ్ళ వ్యాపారుల్ని కాపాడుకోవడానికి రాష్ట్రం లోపలి చార్జీలు తక్కువ పెట్టించింది. డల్లాస్ నుంచి మార్షల్ అనే ఊరికి 147.7 మైళ్ళు. బండ్లు సరుకుగా పంపితే నూరు పౌండ్లకి 36.8 సెంట్లు. పక్క రాష్ట్రంలోని ష్రీవ్‌పోర్ట్ నుంచి అదే మార్షల్‌కి 42 మైళ్ళే. చార్జీ మాత్రం 56 సెంట్లు! దగ్గరివాడు ఎక్కువ కట్టాలి, దూరంవాడు తక్కువ కట్టాలి, ఎందుకంటే మధ్యలో రాష్ట్రం గీత ఉంది. 1914లో సుప్రీంకోర్టు, రాష్ట్రాల మధ్య వ్యాపారానికి దెబ్బ తగులుతుంటే రాష్ట్రం లోపలి చార్జీల మీద కూడా కేంద్రం మాటే నెగ్గుతుందని తీర్పిచ్చింది. ష్రీవ్‌పోర్ట్ వర్తకుడికి అది న్యాయమే.

కానీ అదే తర్కం ఎక్కడిదాకా పోయిందో చూడండి. రైలు ఐదు నిమిషాలకి మించి లెవెల్ క్రాసింగుకి అడ్డంగా ఆగితే జరిమానా అని ఒహాయో రాష్ట్రంలో చట్టముంది. 2022లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టే అది చెల్లదంది. రైలు ఎంతసేపు ఎక్కడ ఆగాలన్నది రైలు నడపడంలో భాగం, అది కేంద్రం పరిధి అని లెక్క. 2024లో దేశ సుప్రీంకోర్టు ఆ కేసుని విచారణకి తీసుకోనంది. గేటు అవతల అంబులెన్సు ఆగివుంటే ఆ ఊరివాళ్ళు ఎవరికి చెప్పుకోవాలి? గేటు పడ్డప్పుడు సైకిలు వంచి కింద నుంచి దూరిపోయే అలవాటున్న మనకి ఆ బాధ చెప్పక్కర్లేదు.

అక్కడికీ ఇక్కడికీ ఒక తేడా ఉంది. అమెరికాలో కేంద్ర చట్టం చేసే సభకి ఒహాయోవాళ్ళు కూడా ఓటేస్తారు. నచ్చకపోతే చట్టం మార్చమని తమ ప్రతినిధిని అడగొచ్చు. శంకర్‌పల్లి వాళ్ళని కలకత్తాలోగానీ సిమ్లాలోగానీ ఎవరూ ఏమీ అడగలేదు. ఆ మాటకొస్తే నిజాం కూడా వాళ్ళని అడగలేదు. 1897 తీర్పు కాపాడింది పైకి నిజాం రాజు హక్కుని. ఒక మనిషి దాని నీడలో నిలబడ్డాడు, అంతే.

ఆ మనిషికి చివరికేమైంది? ఇది నాకు అన్నిటికన్నా కష్టంగా అనిపించిన ముక్క. అరెస్టు తప్పని ప్రీవీ కౌన్సిలే చెప్పింది కదా అని యూసుఫుద్దీన్ నష్టపరిహారానికి దావా వేశాడు. ప్రతివాది ఇండియాకి సెక్రటరీ ఆఫ్ స్టేట్. అక్రమ నిర్బంధానికి దావా వెయ్యడానికి చట్టంలో గడువు ఏడాది. ఏడాది ఎప్పట్నుంచి? నిర్బంధం ముగిసిన రోజు నుంచి. ఆయన బెయిలు మీద విడుదలైన రోజే నిర్బంధం ముగిసినట్టు లెక్క, బెయిలు మీద ఉండడం నిర్బంధం కాదు, కాబట్టి గడువు దాటిపోయింది అని 1903లో అదే ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. అరెస్టు తప్పని తెలియడానికి 1897 రావాలి. దావా గడువు అంతకుముందే ముగిసింది. నేను ప్రోగ్రాములు రాసేవాణ్ణి. రెండు నియమాలు విడివిడిగా సరిగ్గానే ఉండి, కలిపి నడిపితే మనిషి మధ్యలో ఇరుక్కునే తప్పు నాకు కొత్త కాదు. అలాంటిది కనిపిస్తే మేం రాత్రికి రాత్రి సరిచేస్తాం. ఆయనకి ఎవరూ సరిచెయ్యలేదు.

డబ్లిన్ ఈమెయిళ్ళ కేసు కూడా తేలకుండానే ముగిసింది. 2018 మార్చిలో అమెరికా కొత్త చట్టం చేసింది. అక్కడి కంపెనీ దగ్గరున్న సమాచారం ఏ దేశంలో దాచినా వారంటు ఇస్తే ఇవ్వాల్సిందేనని. ఏప్రిల్ 17న సుప్రీంకోర్టు, ఇక వివాదమే లేదని కేసు మూసేసింది. రెండు కేసులూ ఒకటేనని మా బావ అంటాడు కానీ నేను పూర్తిగా ఒప్పుకోను. శంకర్‌పల్లిలో ఒక మనిషి చెయ్యి పట్టుకున్నారు. ఇక్కడ ఎవరూ ఐర్లండు నేల మీద కాలు పెట్టనక్కర్లేదు, అమెరికాలో కూర్చుని మీట నొక్కితే చాలు. అదే నాకు ఎక్కువ భయం. హద్దు దాటినట్టు కూడా తెలీదు.

ఇంతకీ రైల్వే జాగాల కథ ఏమైంది? 1930లో నిజాం ప్రభుత్వం ఆ రైల్వేని కంపెనీ నుంచి కొనేసింది. 1947లో ఇంగ్లీషువాళ్ళ పెత్తనంతో పాటు ఆ జాగాల మీద వాళ్ళ అధికారమూ పోయింది. 1948లో హైదరాబాదు ఇండియాలో చేరింది, 1951లో దాని రైల్వే సెంట్రల్ రైల్వేలో కలిసింది, 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. ప్రీవీ కౌన్సిలుకి అప్పీళ్ళు ఐర్లండు 1933లో ఆపేస్తే మనం 1949లో ఆపేశాం. మన రాజ్యాంగం తీసి చూస్తే రైల్వేలు కేంద్రం జాబితాలో ఉన్నాయి. పోలీసు మాత్రం రాష్ట్రం జాబితాలో ఉంది. అక్కడ రైల్వే పోలీసు కూడా కలిపి అని ప్రత్యేకంగా రాశారు. రైలు ఢిల్లీది, కానీ ఆ జాగాలో మనిషిని పట్టుకునే పోలీసు రాష్ట్రంవాడు. రాసినవాళ్ళకి శంకర్‌పల్లి గుర్తుందో లేదో గానీ, నాకు మాత్రం గుర్తొచ్చింది.

అది చదివాకే ఇంకో సంగతి తెలిసింది. నా చిన్నప్పుడు ఆ శవం దగ్గర టేపు పట్టుకుని వాదించుకున్న ఇద్దరూ రాష్ట్ర పోలీసులే. ఒకే ప్రభుత్వం మనుషులు. వాళ్ళిద్దరి మధ్య హద్దు, పని సులువు కావడానికి గీసుకున్నది. ఆ రోజు అది ఆమెని ఎండలో కూర్చోబెట్టడానికి పనికొచ్చింది. ఎక్కువ అధికారం వాడినవాడూ, ఉన్న అధికారం వాడనివాడూ, ఇద్దరూ ఆ రాయినే చూపించారు.

కిందటిసారి ఇంటికెళ్ళినప్పుడు నాన్నని తీసుకుని శంకర్‌పల్లి వెళ్ళాను. ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద కూర్చుని యూసుఫుద్దీన్ కథంతా చెప్పాను. నాన్నకి ఎనభై దాటాయి. మధ్యలో ఒక్క ప్రశ్న అడగలేదు. అంతా అయ్యాక కట్ట కింద గడ్డిలో సగం మునిగిన హద్దురాయి వంక చాలాసేపు చూశాడు.

"గా రాయి మనల్ని ఆపెటందుకే పెట్టిండ్రనుకున్న రా ఇన్నేండ్లు" అన్నాడు. "వాళ్ళను గూడ ఆపుతదన్నమాట."

ఇంతలో వికారాబాదు వైపు నుంచి బండి వస్తోందని మైకులో చెప్పారు. నాన్న అలవాటుగా లేచి నిలబడ్డాడు.